ఎగుమతి కరెంటు లెక్కలో మా తంపర ఏ పద్దు కింద ఉంది?

రాష్ట్ర ఇంధన శాఖ అధికారులకు, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి సభ్యులకు, విద్యుత్ కేంద్రాల సాధ్యాసాధ్యాల నివేదికలు రాసే ఆర్థిక నిపుణులకు శ్రీకాకుళం జిల్లా నుంచి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను సంతబొమ్మాళి మండలంలో పుట్టి, ఒక ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘంలో ముప్పై ఒక్క సంవత్సరాలు పద్దులు రాసి పదవీ విరమణ చేసినవాడిని. విద్యుత్ ఇంజనీరును కాను. అయితే అప్పు ఎలా పుడుతుందో, ఎలా మొండిబకాయిగా మారుతుందో, చివరికి ఎవరి మెడకు చుట్టుకుంటుందో దగ్గర నుంచి చూశాను. ఆ అనుభవమే ఈ లేఖ రాయిస్తోంది.

మూలపేట పోర్టుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. అప్పటి నుంచి మా ఊళ్ల రచ్చబండల దగ్గర ఒక మాట తిరుగుతోంది. ఓడల్లో బొగ్గు దిగుతుందట, ఒడ్డునే పెద్ద విద్యుత్ కేంద్రం కడతారట, ఆ కరెంటు తీగల మీదుగా పొరుగు దేశానికి పోతుందట, జిల్లాకు డాలర్లు వస్తాయట. అలాంటి ప్రతిపాదన కాగితం ఏదీ ఇంతవరకు మా ముందుకు రాలేదు. కానీ కాగితం వచ్చాక అడిగితే ఎంత ఆలస్యమవుతుందో మా జిల్లాకు తెలిసినంతగా మరెవరికీ తెలియదేమో.

సోంపేట బీల అనే చిత్తడి నేలలో 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం, కాకరాపల్లి తంపర అనే పల్లపు నేలలో మరో 2,640 మెగావాట్ల కేంద్రం. రెండూ మర్చంట్ ప్లాంట్లుగా, అంటే ధర పలికిన చోట కరెంటు అమ్ముకునే కేంద్రాలుగా వచ్చిన ప్రతిపాదనలే. 2010 జులై 14న సోంపేటలో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. ఆ ఉత్తర్వు ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే అన్న తలపు ఇన్నేళ్లయినా నన్ను వదలలేదు. ఎనిమిది నెలలు తిరగకుండానే, 2011 ఫిబ్రవరి 28న, కాకరాపల్లి దగ్గర మళ్లీ తుపాకులు పేలాయి. మళ్లీ ప్రాణాలు పోయాయి. ఈ రెండు కేంద్రాల్లో ఏ ఒక్కటీ ఈనాటికీ ఒక్క యూనిట్ కరెంటు ఇవ్వలేదు.

అందుకే ఈసారి ముందుగానే అడిగాం. మా చుట్టుపక్కల ఊళ్ల పెద్దలం, మత్స్యకారులం, ఉప్పు మళ్లలో పనిచేసేవాళ్లం కలిసి ఒక కార్యాలయానికి రెండుసార్లు రిజిస్టర్డ్ పోస్టులో వినతిపత్రం పంపాం. ఏ ప్రాజెక్టునూ ఆపమని అందులో లేదు. కరెంటు బయటికి అమ్మడానికే కట్టే కేంద్రం వస్తే దాని ఆర్థిక లెక్క మొత్తం మాకు తెలుగులో ముందే చూపించే విధానం ఒకటి పెట్టండని మాత్రమే అడిగాం. మొదటి పత్రానికి జవాబు లేదు. రెండోదానికి "సంబంధిత విభాగానికి పంపడమైనది" అని ఒక్క వాక్యం వచ్చింది. మూడోసారి మనుషులమే వెళ్లాం. ప్రాజెక్టు వచ్చినప్పుడు ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుంది కదా, అప్పుడు చెప్పుకోండని అక్కడి ఉద్యోగి మర్యాదగానే చెప్పి పంపారు. అప్పటికి లెక్కంతా కట్టేసి ఉంటుందన్నదే మా బాధ. ఇక బహిరంగంగా రాయడం తప్ప దారి కనబడలేదు.

మా సంఘంలో కొబ్బరి తోటకు మోటారు అప్పు ఇవ్వాలన్నా మూడు ప్రశ్నలు అడిగేవాళ్లం. కాయ ఎవరు కొంటారు? కొనేవాడు మొహం చాటేస్తే వాయిదా ఎలా కడతావు? పూచీ ఎవరు? వేల కోట్ల కేంద్రానికి కూడా అవే మూడు ప్రశ్నలు. వాటికి వచ్చే జవాబుల్లో లెక్క ఎక్కడ తప్పుతోందో నాకు అర్థమైనంత మేర కింద రాస్తున్నాను.

1. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు ఏమవుతుంది?

జార్ఖండ్‌లోని గొడ్డా కేంద్రాన్ని చూడండి. అదానీ సంస్థ కట్టిన 1,600 మెగావాట్ల కేంద్రం అది. కరెంటంతా బంగ్లాదేశ్‌కు ఇవ్వడానికి 2017లో పాతికేళ్ల ఒప్పందం కుదిరింది. బొగ్గు ఆస్ట్రేలియాలో తవ్వి, ఒడిశాలోని ధామ్రా రేవులో దించి, అక్కడి నుంచి రైళ్లలో గొడ్డాకు తీసుకువెళ్లాలి. కరెంటు తీసుకుపోవడానికి సరిహద్దు దాకా ప్రత్యేకంగా లైను. కొనేది ఒక దేశపు ప్రభుత్వ సంస్థ, గడువు పాతికేళ్లు, ఇంధన ధర పెరిగితే భరించేది కొనేవారే. ఇంత గట్టి పూచీ ఉన్న పత్రం నా ముందుకు వస్తే నేనూ అప్పు మంజూరుకు సిఫారసు చేసేవాడినేమో.

జరిగింది చూడండి. 2023 ఏప్రిల్‌లో మొదటి యూనిట్ వాణిజ్య ఉత్పత్తి మొదలుకాకముందే, బొగ్గు ధర మరీ ఎక్కువగా కడుతున్నారని కొనేవారు ఒప్పందాన్ని సవరించమన్నారు. 2024 ఆగస్టులో ఢాకాలో ప్రభుత్వం కూలిపోయింది. బకాయి 80 కోట్ల డాలర్ల చుట్టూ చేరింది. నవంబరు వచ్చేసరికి కంపెనీ సరఫరాను సగానికి తగ్గించింది. తర్వాత చలికాలంలో మాకు సగమే చాలని కొనేవారే అన్నారు. 2025లో సరఫరా మళ్లీ పెరిగింది, బకాయిలూ చాలావరకు తీరుతూ వచ్చాయి. అది కూడా చెప్పడం న్యాయం. కానీ కేంద్రం మొదలై రెండేళ్లు నిండకుండానే ధర తగాదా, ప్రభుత్వ మార్పు, విదేశీ మారకం కొరత, చలికాలపు గిరాకీ తగ్గుదల, నాలుగూ వచ్చిపడ్డాయి. పాతికేళ్ల లెక్కలో ఇవన్నీ "అరుదైన సంభావ్యతలు" అని ఒక పేరాలో సర్దేస్తే ఆ లెక్కను ఎలా నమ్మాలి?

ఇంకొక సంగతి మన రాష్ట్రానికి నేరుగా తగులుతుంది. ఢాకాలో ప్రభుత్వం పడిపోయిన వారానికి, 2024 ఆగస్టు 12న, కేంద్ర విద్యుత్ శాఖ ఎగుమతి నిబంధనలు సవరించింది. ఎగుమతికే కట్టిన కేంద్రం, కొనే దేశం చాలాకాలం కరెంటు తీసుకోకపోయినా, డబ్బు ఆలస్యం చేసినా, మన గ్రిడ్‌కు కలుపుకుని ఇక్కడ అమ్ముకోవచ్చు. కంపెనీకీ, అప్పిచ్చిన బ్యాంకులకూ ఇది ఊరట. మరి దిగుమతి బొగ్గుతో తయారైన ఆ కరెంటు ధర మన మార్కెట్లో ఎవరికి గిట్టుతుంది? గిట్టకపోతే నష్టం ఎవరిది? ప్రభుత్వ రంగ సంస్థలు ఇచ్చిన అప్పు ఉంటే, అది మన డబ్బే. ఎగుమతి కేంద్రం నివేదికలో "కొనేవారు మానేస్తే" అన్న అధ్యాయం లేకపోతే, ఆ అధ్యాయం తర్వాత మన బిల్లుల మీద రాస్తారేమోనని మా భయం. ఈ భయం ఊరికే పుట్టలేదు. ఇంధన, విద్యుత్ కొనుగోలు ఖర్చుల సర్దుబాటు పేరుతో 2022-23 సంవత్సరానికి 6 వేల కోట్ల రూపాయలకు పైగా, 2023-24కు 9 వేల కోట్లకు పైగా రాష్ట్ర వినియోగదారులే కట్టాల్సి వచ్చింది. ఎప్పుడో వాడిన కరెంటుకు ఈ నెల బిల్లులో ఎందుకు కట్టాలని మా ఊళ్లో ముసలమ్మలు అడిగితే చదువుకున్న మేం తల దించుకున్నాం.

2. కేంద్రం ఎంత నడిస్తే యూనిట్ ఎంత పడుతుంది?

నిపుణులకు ఇది చెప్పాల్సిన పని లేదు. కానీ ఊళ్లో చదివేవాళ్ల కోసం ఒక ఉదాహరణ రాస్తాను. అంకెలు లెక్క తెలియడానికి నేను అనుకున్నవి. 1,600 మెగావాట్ల కేంద్రం, మెగావాట్‌కు 10 కోట్ల చొప్పున 16,000 కోట్ల ఖర్చు. వడ్డీ, అసలు, లాభం, నిర్వహణ కలిపి ఏడాదికి అందులో 13 శాతం రాబట్టుకోవాలనుకుంటే 2,080 కోట్లు. ఇది కేంద్రం నడిచినా నడవకపోయినా పడే స్థిర ఖర్చు.

కేంద్రం సామర్థ్యంలో 85 శాతం నడిస్తే ఏడాదికి సుమారు 1,191 కోట్ల యూనిట్లు. యూనిట్‌కు స్థిర ఖర్చు రూపాయి 75 పైసలు. 60 శాతమే నడిస్తే అది రెండు రూపాయల 47 పైసలు. 40 శాతానికి పడిపోతే మూడు రూపాయల 71 పైసలు. దీనిమీద బొగ్గు ఖర్చు వేరే. అంటే పొరుగు దేశంలో చలి ఎక్కువైనా, అక్కడి ఖజానాలో డాలర్లు తగ్గినా, యూనిట్‌కు పడే స్థిర ఖర్చు రెట్టింపు దాటిపోగలదు. నివేదికల్లో చూపించేది 85 శాతం వరుస ఒక్కటే. మిగతా రెండు వరుసలూ పక్కనే అచ్చు వేయమని అడుగుతున్నాం.

3. డాలర్లు వస్తాయన్న మాట

డాలర్లలో అమ్మితే లాభమని చెబుతారు. 2010లో డాలర్ 45 రూపాయల చుట్టూ ఉండేది, 2024 చివరికి 84 దాటింది. అమ్మేవాడికి అది లాభమే. అయితే బొగ్గు కూడా డాలర్లలోనే కొనాలి. బొగ్గు డబ్బు బయటికి పోయి, అప్పుల వడ్డీ పోయి, మిగిలిన డాలర్లలో జిల్లాకు చేరేవి ఎన్ని? కంపెనీ రాబడిని "ప్రాంతానికి ప్రయోజనం" అని రాయడం పద్దులు తెలిసినవాళ్లు చేయకూడని పని.

4. నీళ్లు, బూడిద

పై లెక్కలోని 1,191 కోట్ల యూనిట్లకే తిరిగి వెళ్దాం. కొత్త థర్మల్ కేంద్రాలు యూనిట్‌కు 3 లీటర్లకు మించి నీరు వాడకూడదన్నది కేంద్ర పర్యావరణ శాఖ పెట్టిన హద్దు. మంచినీటితో నడిచే కేంద్రం ఆ హద్దు దాకా వాడితే ఏడాదికి ఒకటింపావు టీఎంసీ. ఒక టీఎంసీకి ఆరువేల ఎకరాల వరి అని మా వైపు ఇంజనీర్లు చెప్పే లెక్క ప్రకారం అది ఏడువేల ఎకరాలకు పైగా పంట. వంశధార నీరు చివరి భూములకు చేరక ప్రతి ఏటా కాలువ గట్ల మీద కొట్లాడుకునే రైతులున్న జిల్లా ఇది. ఎగుమతి అయ్యే ప్రతి యూనిట్‌తో పాటు ఆ మూడు లీటర్లూ సరిహద్దు దాటుతున్నట్టే. ఆ నీటికి కొనే దేశం కట్టే ధర ఎంత?

సముద్రపు నీరు వాడతాం, నదిని ముట్టుకోమని అంటారు. మంచిదే. అప్పుడు వేడెక్కిన నీటిని తిరిగి ఎక్కడ వదులుతారు? ఒడ్డుకు దగ్గరగా వలలు వేసే తెప్పలవాళ్ల వేట ఏమవుతుంది? దానికీ ఒక పద్దు ఉండాలి కదా.

బూడిద సంగతి. దిగుమతి బొగ్గు యూనిట్‌కు అర కిలో, అందులో బూడిద పదో వంతు అనుకున్నా, ఏడాదికి 60 లక్షల టన్నుల బొగ్గు, 6 లక్షల టన్నుల బూడిద. పాతికేళ్లకు కోటిన్నర టన్నులు. అదే స్వదేశీ బొగ్గయితే బూడిద 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది కాబట్టి ఈ అంకె మూడు నుంచి నాలుగున్నర రెట్లు అవుతుంది. కొంత సిమెంటుకూ ఇటుకలకూ పోవచ్చు. పోనిది బూడిద చెరువులో ఉంటుంది. ఆ చెరువు తుపాన్ల దారిలో ఉంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఎలా నేలమట్టం చేసిందో, ఎన్ని వేల కరెంటు స్తంభాలు పడిపోయి ఎన్ని రాత్రులు చీకట్లో గడిపామో మీలో కొందరు అప్పుడు ఇక్కడ విధుల్లో ఉండి కళ్లారా చూశారు. బూడిద చెరువు గట్టుకు అలాంటి గాలీ వానా తగిలితే అయ్యే ఖర్చు ఏ బీమా పత్రంలో రాసి ఉందో చూపించండి. పొగలో పోయే బొగ్గుపులుసు వాయువు కూడా, ఏడాదికి సుమారు కోటి టన్నులు, కాల్చిన దేశం ఖాతాలోనే పడుతుంది. దీపం వెలిగించుకున్న దేశం ఖాతాలో పడదు.

5. పట్టా లేని జీవనం

ఇక్కడ కాసేపు ఆగాలి. లెక్క బాగా తప్పేది ఇక్కడే.

తంపర అంటే ఏమిటో నివేదికలు రాసేవారికి చెప్పాలి. వానలకు నిండి, కొన్ని నెలలు చెరువులా ఉండి, తర్వాత మెల్లగా బయటపడే పల్లపు నేల అది. నిండినప్పుడు చేప. తగ్గుతున్నప్పుడు మేత, తుంగ. అంచుల్లో వరి. పక్కనే నౌపడ ఉప్పు మళ్లు. తేలినీలాపురానికి ఏటా వచ్చే గూడబాతులకూ ఎర్రకాళ్ల కొంగలకూ ఈ నీళ్లే తిండి పెడతాయి. పైనుంచి వచ్చే వరద నీటిని తనలో ఇముడ్చుకుని ఊళ్లను కాపాడేది కూడా ఈ నేలే. రెవెన్యూ రికార్డులో మాత్రం అది ప్రభుత్వ భూమి. చాలాచోట్ల బీడు అనే రాస్తారు.

2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీ కోసం భూమి సేకరించాలంటే నష్టపోయే కుటుంబాల్లో 80 శాతం ఒప్పుకోవాలి. కానీ ప్రభుత్వ భూమిని కేటాయించేటప్పుడు అక్కడ వల వేసుకునే మనిషి సమ్మతి ఎవరూ అడగరు. అతని పేరు మీద సెంటు భూమి లేదు కాబట్టి అతనికి నష్టమూ లేదని లెక్క తేలిపోతుంది. భూమి చవగ్గా దొరికింది కాబట్టి ప్రాజెక్టు లాభదాయకంగా కనబడుతుంది. నిజానికి ఆ లాభంలో ఒక భాగం, అతను ప్రతి ఏడూ పట్టుకునే చేపల విలువ. దాన్ని తీసి కంపెనీ జమ వైపు వేశారు. మా సంఘంలో ఎవరైనా ఒక సభ్యుడి పొదుపును తీసి ఇంకొకరి ఖాతాలో జమ చేస్తే ఉద్యోగం పోయేది.

వలస గురించి వేరే చెప్పనక్కర్లేదు. చెన్నై, ముంబయి రేవుల్లో, గుజరాత్ తీరంలో మా పిల్లలు పడవల మీద కూలికి పోతున్నారు. సొంత నీళ్లలో వేట పోయిన ప్రతి ఇంటి నుంచి ఇంకొకడు రైలెక్కుతాడు. ఆ రైలు చార్జీ కూడా ఎగుమతి విద్యుత్ ధరలో ఉండాలి.

6. పుట్టిన చోటికి వాటా ఎంత?

మేం కూడా ఒకప్పుడు అవతలి గట్టున ఉన్నవాళ్లమే. ఒడిశా కొండల్లో మాచ్‌ఖండ్ జల విద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. రెండు రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టు. కరెంటులో ఎక్కువ వాటా మన వైపుకు వచ్చేలా ఒప్పందం. ఉత్తరాంధ్రలో దీపాలూ మిల్లులూ ఎన్నో ఏళ్లు ఆ కరెంటుతో నడిచాయి. జోలాపుట్ జలాశయం కింద ఊళ్లు మునిగి వేలాది గిరిజన కుటుంబాలు కొండల మీదికి చెదిరిపోయాయి. వాళ్లలో ఎందరి ఇళ్లకో దశాబ్దాల తరబడి ఆ కరెంటు చేరలేదు. మా నాన్నగారి తరం ఆ వెలుగులో చదువుకుంది. ఆ వెలుగు ధర ఎవరు కట్టారో ఆ తరం అడగలేదు, అడగవలసింది. ఇప్పుడు మా వంతు వచ్చినప్పుడు మాత్రమే అడుగుతున్నామంటే ఆ నింద మోస్తూనే అడుగుతున్నాం.

సరిహద్దు అవతల చిన్న దేశాలు ఎలా బేరం చేశాయో చూడండి. నేపాల్‌లో 900 మెగావాట్ల అరుణ్-3 ప్రాజెక్టును మన ప్రభుత్వ రంగ సంస్థే కడుతోంది. అందులో 21.9 శాతం కరెంటు నేపాల్‌కు ఉచితం. అదే నేపాల్‌లో 900 మెగావాట్ల అప్పర్ కర్నాలీకి 2014లో కుదిరిన ఒప్పందంలో 12 శాతం ఉచిత విద్యుత్తు, ప్రాజెక్టు కంపెనీలో 27 శాతం ఉచిత వాటా రాయించుకున్నారు. మన దేశంలోనే జల విద్యుత్ కేంద్రాలు పుట్టిన రాష్ట్రానికి 12 శాతం కరెంటు ఉచితంగా ఇవ్వాలనీ, మరో ఒక శాతం స్థానిక ప్రాంత అభివృద్ధికి కేటాయించాలనీ 2008 జల విద్యుత్ విధానం చెబుతోంది. నది ఉన్న ఊరికి వాటా ఉన్నప్పుడు బూడిద మోసే ఊరికి ఎందుకు ఉండకూడదు? జార్ఖండ్ విధానంలో నాలుగో వంతు కరెంటు రాష్ట్రానికి ఇవ్వాలని ఉండేది. గొడ్డాకు ముందు, 2016లో, దాన్ని వేరే కేంద్రం నుంచి ఇచ్చినా సరే అని సడలించారు. నియమం ఎంత గట్టిదో సడలించే రోజునే తెలుస్తుంది.

బేరం తెలియక చేస్తే ఏమవుతుందో లావోస్‌లో చూడవచ్చు. 1,285 మెగావాట్ల సయాబురి ఆనకట్ట కరెంటులో 95 శాతం థాయిలాండ్‌కు పోతుంది. మెకాంగ్ నదిలో చేపల రాకపోకలకు అడ్డుకట్ట పడింది లావోస్ వైపు. 2018 జులైలో అక్కడే మరో ఎగుమతి ప్రాజెక్టు, 410 మెగావాట్ల సెపియన్-సెనామ్‌నోయ్, ఇంకా కడుతుండగానే దాని అనుబంధ ఆనకట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయాయి. కొనేవారికి కరెంటు ఆలస్యమైంది. అమ్మేవారికి శవాలు మిగిలాయి.

7. కొనే కరెంటుకు విచారణ ఉంది, అమ్మే కరెంటుకు లేదు

మా ఇంటి కరెంటు ధర పెంచాలంటే నియంత్రణ మండలి ఏటా బహిరంగ విచారణ జరుపుతుంది. సామాన్యుడు కూడా వెళ్లి అభ్యంతరం చెప్పవచ్చు. ఎంతో మంచి ఏర్పాటు. కానీ 2003 విద్యుత్ చట్టం తర్వాత థర్మల్ కేంద్రం కట్టడానికి లైసెన్సు అవసరం లేదు. విదేశానికి అమ్మే ధర అమ్మేవారూ కొనేవారూ మాట్లాడుకుని తేల్చుకుంటారు. ఆ ఒప్పందాన్ని మండలి ముందు పెట్టి ప్రజలతో చర్చించే అవకాశం లేదు. మిగిలింది పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ ఒక్కటే. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం నివేదిక సారాంశం స్థానిక భాషలో ఇవ్వాలి. అందులో "ప్రాజెక్టు ప్రయోజనాలు" అన్న అధ్యాయం తప్పనిసరి. ఖర్చులనూ ప్రయోజనాలనూ పక్కపక్కన పెట్టే విశ్లేషణ మాత్రం, మొదట్లో నిపుణుల కమిటీ ప్రత్యేకంగా అడిగితేనే! ప్రయోజనం రాయడం విధి, ఖర్చు రాయడం ఐచ్ఛికం. మాకు ఎదురైన "అప్పుడు చెప్పుకోండి" అన్న జవాబులోని లోపం ఇదే. అప్పుడు మా చేతికి వచ్చేది సగం పుస్తకం.

ఎగుమతి అంటేనే మేం వ్యతిరేకం కాదని స్పష్టంగా చెప్పాలి. భూటాన్‌లో చుఖా కేంద్రం 336 మెగావాట్లది. ఖర్చులో 60 శాతం భారతదేశం గ్రాంటుగా, 40 శాతం అప్పుగా ఇచ్చింది. దాని కరెంటు మనకు అమ్మి ఆ దేశం బడులూ ఆసుపత్రులూ కట్టుకుంది. అదే భూటాన్‌లో 1,200 మెగావాట్ల పునత్సంగ్‌ఛు-1 పనులు కొండ జారి ఏళ్ల తరబడి ఆగిపోయాయి. ఆ కాలమంతా వడ్డీ పెరుగుతూనే వచ్చింది. 2024 అక్టోబరులో నేపాల్, బంగ్లాదేశ్, భారత్ కలిసి కుదుర్చుకున్న ఒప్పందం 40 మెగావాట్లకే, అదీ వానాకాలపు అయిదు నెలలకే. మిగులు ఉన్నప్పుడు ఉన్నంత అమ్ముకునే పద్ధతి అది. పాతికేళ్లు ఒకే వాకిట్లో నిలబడే కేంద్రం కట్టడం వేరు, ఉన్న మిగులును సరిహద్దు దాటించడం వేరు. ఈ రెంటినీ ఒకే పేరుతో పిలిచి ఒకే లాభం చూపించకండి. మన బొబ్బిలి, గరివిడి వైపు ఫెర్రో అల్లాయ్స్ పరిశ్రమలు యూనిట్ ధర నాలుగు అణాలు పెరిగితే ఊపిరాడక కూలీలను ఇంటికి పంపుతాయి. చవక కరెంటు బయటికి పంపడంలోనూ ఇక్కడ ఒక ఖర్చు ఉంది.

కాబట్టి మా డిమాండ్లు ఇవి.

మొదటిది, అన్నిటికంటే ముఖ్యమైనది. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో బయటి దేశానికి గానీ బయటి రాష్ట్రానికి గానీ అమ్మడానికే కట్టే ఏ విద్యుత్ కేంద్రానికైనా, ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 60 రోజుల ముందు పూర్తి ఆర్థిక నివేదికను తెలుగులో గ్రామ సచివాలయాల్లో ఉంచాలి. అందులో కొనేవారు ఎవరు, ధర ఏ సూత్రం మీద, చెల్లింపు ఆగితే ఎవరి పూచీ, కేంద్రం 85, 60, 40 శాతం నడిచినప్పుడు యూనిట్ ఖర్చు ఎంత అన్నవి ఉండాలి. వాణిజ్య రహస్యమని ఏదైనా దాచవలసి వస్తే, దాచినది ఏమిటో అయినా చెప్పాలి.

రెండోది. ఖర్చు-ప్రయోజనాల విశ్లేషణను ఎగుమతి కేంద్రాలన్నిటికీ తప్పనిసరి చేయమని రాష్ట్ర ప్రభుత్వం కేంద్ర పర్యావరణ శాఖను లిఖితపూర్వకంగా కోరాలి. ఆ విశ్లేషణలో నీరు, బూడిద, వేట, మేత, వరద రక్షణ విడివిడి పద్దులుగా ఉండాలి. పట్టా లేనివారి జీవనోపాధిని గ్రామసభలో లెక్కించి నమోదు చేయాలి.

మూడోది. పుట్టిన జిల్లాకు వాటా. జల విద్యుత్తుకు ఉన్న 12 శాతం, ఒక శాతం సూత్రం కంటే తక్కువ కాకుండా రాష్ట్ర విధానంలో రాయాలి, సడలించే అధికారం ఎవరికీ ఇవ్వకుండా రాయాలి.

నాలుగోది నియంత్రణ మండలికి. ఎగుమతి ఒప్పందం విఫలమై కేంద్రం మన గ్రిడ్‌లోకి వస్తే, ఆ కరెంటును డిస్కంలు, అంటే విద్యుత్ పంపిణీ సంస్థలు, కొనే ముందు బహిరంగ విచారణ జరపాలి. దాని స్థిర ఖర్చును ఏ సర్దుబాటు పేరుతోనూ ఇళ్ల బిల్లుల్లోకి రానివ్వబోమని ముందే ప్రకటించాలి.

ఇక నివేదికలు రాసే నిపుణులకు ఒక్క మాట. మీరు చదువుకున్నవారు, మీ సంతకానికి విలువ ఉంది. ఆ సంతకం చూసే బ్యాంకులు డబ్బిస్తాయి, ప్రభుత్వాలు భూమి ఇస్తాయి. ఒక్కసారి మీ నివేదికతో మా ఊరు రండి. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో తంపర నిండి ఉన్నప్పుడు రండి. గత ఏడాది జూన్ నుంచి మా ఊరి ఇంటర్ చదివే పిల్లలు పదకొండు మంది ఒక పద్దు పుస్తకం రాస్తున్నారు. ఏ ఇంటివారు ఏ రోజు ఎన్ని కిలోల చేప పట్టారు, ఎంతకు అమ్మారు, ఎన్ని మోపుల తుంగ కోశారు, ఎన్ని పశువులు మేశాయి అని. గీతలు కొట్టడం, మొత్తాలు తీయడం నేను నేర్పాను. తప్పులు ఉంటే మీరు దిద్దండి.

ఈ లేఖ అందిన 30 రోజుల్లో లిఖితపూర్వకమైన జవాబు కోరుతున్నాం. రాకపోతే ఊరికొకటి చొప్పున సమాచార హక్కు దరఖాస్తులు పెడతాం. అప్పటికి ఆ పద్దు పుస్తకం ప్రతులు తీయించి ప్రతి దరఖాస్తుకూ జతచేస్తాం.

ఇట్లు,
సంతబొమ్మాళి, టెక్కలి మండలాల మత్స్యకారులు, రైతులు, ఉప్పు కూలీల తరఫున
ఒక విశ్రాంత సహకార సంఘం ఉద్యోగి